పటానికి ఇంకో మూర

నాట్లు మొదలై అయిదు రోజులైనా యాదమ్మను పనికి పిలిచినవాళ్లు లేరు.

అలాగని ఊరు ఆమెను మరచిపోయిందా అంటే, అదేం లేదు. ఈ ఏడాది చిలుకూరులో యాదమ్మ అంత గుర్తున్న మనిషి ఇంకొకరు లేరు. వచ్చిన చిక్కంతా అక్కడే. తెల్లవారకముందే మంగ వీధిలో కేకలు వేసుకుంటూ వస్తుంది. నాట్ల ముఠాకు ఆమె పెద్ద. ముసలి వీరమ్మ గడప ముందు నిలబడి నాలుగు తిట్లు తిట్టి లేపుతుంది, తక్కిన నలుగురినీ లేపుతుంది, యాదమ్మ వాకిలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి, రెండు చేతులూ జోడించి దాటిపోతుంది. చీర ఎగగట్టుకుని గడప లోపల తయారుగా కూర్చున్న యాదమ్మ, ఆ జోడించిన చేతులను చూసి ఎగగట్టిన చీర మళ్లీ దించుకుంటుంది.

అయిదో రోజు ఆమె ఊరుకోలేదు. పిలవకుండానే ముత్తయ్య మడికి పోయింది. గట్టు మీద నిలబడి నారుకట్టలు మడిలోకి విసురుతున్న ముత్తయ్య, ఆమెను చూడగానే తలపాగా తీసేశాడు.

“నువ్వొచ్చినవ్, గది చాలమ్మా. నా మడి పండినట్టే. గీడ కూసో,” అని ఆ తలగుడ్డనే దులిపి గట్టు మీద పరిచాడు.

“కూసునేందుకు రాలే మామా. నాటేందుకొచ్చిన. నాకో మునుం చూపియ్యి.” మడిలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే వరుసను అక్కడ మునుం అంటారు.

“నీతోని బురద తొక్కిస్తనా? నా కండ్లు పోవా?”

మడిలో వంగిన ఆరుగురిలో అయిదుగురు నడుము ఎత్తనే లేదు. మంగ మాత్రం ఎత్తి, బురద చేతులు జోడించి, “కూసో అమ్మా, సల్లగ కూసో. నువ్వు నాటితే ఇగ మేమెందుకు?” అంది. అది భక్తి అనే అనుకుంది యాదమ్మ.

సాయంత్రం ముత్తయ్య ఆరుగురి కొంగుల్లో వడ్లు పోశాడు. యాదమ్మకు పసుపు రాసిన కొబ్బరికాయ ఇచ్చాడు. దాన్ని పట్టుకుని ఇంటికి పోతూ దారి పొడుగునా ఆమె ఏడ్చింది. రెండు రోజులుగా ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదు. భర్త పిచ్చయ్య మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. అక్కడి హమాలీలు తనను అమ్మవారి పెనిమిటి అని పీట వేసి కూర్చోబెడుతున్నారని పోయినసారి వచ్చినప్పుడు మురిసి ముక్కలవుతూ చెప్పాడు. ఆ మురిపెంలో బియ్యం తేవడం మరచాడు.

ఇదంతా పటం చేసిన పని. పోయిన శ్రావణంలో రజాకార్లు పొలాల మీద పడ్డప్పుడు, వాళ్లలో ఒకడు గట్టు మీద నిలబడి యాదమ్మకు తుపాకి గురిపెట్టాడు. అది పేలలేదు. ఇంతవరకూ ఊరంతా ఎరిగిన నిజం. యూనియన్ మిలిటరీ వచ్చి ఆ రోజులు పోయి, జనం మళ్లీ నాలుగు వీధుల్లో కూర్చుని కథలు వినడం మొదలుపెట్టాక, నడిగూడెం పటం కథకుడు మల్సూర్ ఆ సంగతిని తన బొమ్మల పటం చివర వేయించాడు. ఊరూరా పటం వేలాడదీసి, కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ కథ చెప్పడం వాళ్ల ఇంటి వృత్తి. పాత వీరులంతా అయిపోయాక కర్ర యాదమ్మ మీదికి వస్తుంది. తుపాకి గుండు మల్లెపువ్వై ఆమె కొప్పులో చేరుతుంది. కోదాడలో ఆ బొమ్మకు హారతి పట్టారు. చిలుకూరులో చెప్పిన రోజు యాదమ్మను పటం పక్కనే పీట మీద, జనం వైపు తిప్పి కూర్చోబెట్టారు. అందుకని ఊళ్లన్నీ చూసిన తన బొమ్మను ఆమె ఒక్కతే చూడలేదు.

మర్నాడు ఆ కొబ్బరికాయనే కొంగున కట్టుకుని కోదాడ దాకా నడిచి, సూర్యాపేట బస్సు ఎక్కింది. కండక్టరు ఆమెను గుర్తుపట్టలేదు. జరుగు జరుగు అని కసిరి వెనక్కి నెట్టాడు. యాదమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఆ బొమ్మ వేసిన నకాషీ సత్తయ్య ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సూర్యాపేటలో పటాలు వేసే ఇల్లు అదొక్కటే. ఆమె పోయేసరికి ముసలాయన నేల మీద పరిచిన గుడ్డకు తెల్లటి పూత పూస్తున్నాడు. సుద్ద, గంజి, చింతగింజల జిగురు కలిపిన పూత అది. మూడుసార్లు పూసి, మూడుసార్లు ఆరబెడితేగాని గుడ్డ బొమ్మకు లొంగదు. ఆయన భార్య సుగుణమ్మ పక్కన కూర్చుని నానిన గింజలు నూరుతోంది.

“చిలుకూరు యాదమ్మ బొమ్మ ఏసింది నువ్వేనా తాతా?”

“నేనే బిడ్డా. మొక్కు గిట్ల ఉన్నదా? పటం గీడ లేదు. మల్సూర్ మిర్యాలగూడ పట్కపోయిండు. కింది అంచు చినిగిందని మూడొద్దులకు నాకాడికి తెస్తడు.”

“మొక్కు లేదు. గా బొమ్మ చెరపమని చెప్పనీకొచ్చిన.”

“నువ్వెవరమ్మా?”

“యాదమ్మను.”

సత్తయ్య చేతిలో కుంచె ఆగిపోయింది. ఆమెను నెత్తి నుంచి కాళ్ల దాకా చూశాడు. బక్క మనిషి. ఎండకు కమిలిన ముఖం, ఒరిసిన మడమలు. “నేను నిన్ను జర ఎత్తుగ ఏసిన,” అన్నాడు, తప్పు పట్టుబడినవాడిలా. సుగుణమ్మ ఫక్కున నవ్వింది.

యాదమ్మ తన గోడు వెళ్లబోసుకుంది. సత్తయ్య ఓపికగా విని తల అడ్డంగా ఊపాడు. పటంలో కళ్లు అన్నిటికన్నా చివర వేస్తారు. దీపం పెట్టి, కాయ కొట్టి, అప్పుడు నల్లగుడ్డు దిద్దుతారు. ఒకసారి కళ్లు తెరిచాక ఆ బొమ్మను చెరిపే హక్కు వేసినవాడికి కూడా లేదు. పటం చిరిగి చీలికలైనా ఏట్లో వదలాల్సిందేగాని గీత తుడవరాదు.

“చెరపకుంటే మానె. నన్ను వీరురాలినెట్ల చేసినవో గదన్న చెప్పు. నాకాడ ఏం చూసినవ్?”

నలభై ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నా ఈ మాట అడిగినవాళ్లు లేరు. ముసలాయనకు హుషారు పుట్టింది.

“నీకాడ ఏమున్నదో నేను చూడలే బిడ్డా. బొమ్మకు ఏముండాల్నో గది చూసిన. వీరుడంటే కడమోళ్లకన్న రెండింతలుండాలె. వాని బట్ట రంగు పటం మొదట్ల ఏదో చివరికి గదే ఉండాలె, ఆఖరి వరసల కూసున్న ముసలోనికి గూడ గుర్తుదొరకాలె. కాలు నేలకు అంటరాదు. దేవుడిచ్చిన వరం ఒకటుండాలె. ఇగ కండ్లు జనం దిక్కే చూడాలె.”

“నీ బొమ్మలల్ల వీరులు బువ్వ తింటరా?”

సత్తయ్య ఆలోచనలో పడ్డాడు. నలభై ఏళ్ల పటాలూ కళ్ల ముందు విప్పుకుని చూసుకున్నాడు. “లేదు. తినే వీరుణ్ని ఒక్కణ్ని గూడ ఎయ్యలే,” అని ఒప్పుకున్నాడు.

“గందుకే నాకు కూలి లేదు,” అంది యాదమ్మ.

ఆయన లేచి, దూలం సందులోంచి రంగురంగుల కాగితాల పుస్తకం ఒకటి తీశాడు. మిలిటరీ క్యాంపులో తలుపులకు నంబర్లు రాయడానికి పోయినప్పుడు ఒక సోల్జరు ఇచ్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం. “చూడు. గీ భాష నాకు తెల్వది. అయినా వీరుడెవడో మొదటి కాగితంలనే దొరికిండు. ముఖానికి గుడ్డ, ఒంటికి పచ్చ బట్ట, కాలు నేలకు అంటదు. సముద్రాల అవతలోళ్లకు గూడ మా లెక్కనే!”

యాదమ్మ చేతులు తుడుచుకుని కాగితాలు తిప్పింది. ఒకచోట ఆగింది. ఆ పచ్చ బట్టల మనిషే మామూలు చొక్కా తొడుక్కుని రొట్టెల కొట్లో తూకం వేస్తున్నాడు. బేరగాళ్లు వాడి వైపు చూడనైనా చూడడం లేదు.

“గిది వాడేనా?”

“వాడే. దవడ మీద మచ్చ చూడు. గుడ్డ తీసేస్తే వాణ్ని ఎవరు గుర్తుపట్టరు.”

“అదృష్టవంతుడు,” అంది యాదమ్మ మనస్ఫూర్తిగా. “పొద్దుగాల పనికి పోతడు.”

సత్తయ్య పుస్తకం మూసి మళ్లీ కుంచె పట్టాడు. “అసలైంది చెప్పుడు మరిసిన. వీరుడు నిలవడాలె, కడమోళ్లు ఉరకాలె. అందరు నిలవడితే వీరుడెవడు?”

“నా బొమ్మల ఉరికిందెవరు?”

“నీ ఎనక ఆరుగురు ఆడోళ్లు. చిన్నగ ఏసిన, వీపులు ఇటు తిప్పి. మల్సూర్ గట్లనే ఏయమన్నడు. వాళ్ల ముచ్చట కథల రాదు, బొమ్మలనే కానొస్తది.”

యాదమ్మ ముఖం పాలిపోయింది. తన ఆకలి సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తే లేదు. ఆరు వీపులు. కోదాడలో, మిర్యాలగూడలో, తన ఊళ్లో, ఆ ఆరుగురి పిల్లల ముందే.

“వాళ్లు ఉరకలే తాతా. మూడొద్దుల ముసురు, వాని తుపాకి తడిసింది. వాడు మళ్లా మళ్లా లాగుతుంటె, ఎనకనుంచి ఆరుగురు బురదల వడి వచ్చిండ్రు. మంగక్క నారుకట్టతోని వాని మొకం మీద కొట్టింది. వీరమ్మవ్వ కాలు వట్టి మడిలకు గుంజింది. తుపాకి ఇడిసి ఉరికింది వాడు! నేనేం చేసిన? ఉరుకుదమన్న కాళ్లు రాలే, గట్లనే నిలవడ్డ.”

“మరి అందరికన్న ముందటికి నువ్వెందుకు ఉరికొచ్చినవ్?”

“ముందటికెవరొచ్చిండ్రు?”

ఆమె లేచి సుగుణమ్మ పక్కనున్న చీపురులోంచి గుప్పెడు పుల్లలు లాగింది. చీర ఎగదోపి, తడి నేల మీద వంగి, ఒక్కో పుల్లా గుచ్చుతున్నట్టు చేయి ఆడిస్తూ వెనక్కి జరగసాగింది. రెండు అడుగులు, నాలుగు అడుగులు. “నాటేటోళ్లు ముందటికి పోరు తాతా, ఎనక్కి పోతరు. ముందటికి పోతే నాటింది తొక్కమా? తొందరగ నాటేటోళ్లు ఎనక్కి ఎనక్కి అవతలి గట్టు చేరిండ్రు. నాది మెల్లటి చెయ్యి. నేను ఈ గట్టు కాన్నే మిగిలిపోయిన. వాడొచ్చి ఎదురుంగ ఎవలుంటే వాళ్లకు గురివెట్టిండు.”

సత్తయ్య నోరు తెరుచుకుని చూశాడు. వరి తిని బతికిన మనిషి, ఏనాడూ మడిలో కాలు పెట్టలేదు. ఒంటికాలి మీద ఎగిరి ముందుకు దూకుతున్నట్టు వేశాడు ఈమెను.

“వాడు ఉరికినంక ఏం చేసిండ్రు?”

“ఏం చేస్తం? మిగిలిన మడి నాటినం. నారు పీకి వెట్టింది గద, ఇడిసివెడితే మాడిపోతది.”

“గప్పుడే?”

“వీరమ్మవ్వ ఒక్క చుట్ట తాగింది. గంతే.”

ముసలాయన వీరులు యుద్ధం అయ్యాక పూలవాన కింద నిలబడతారు, లేదా స్వర్గానికి పోతారు. మధ్యలో వదిలిన పనికి తిరిగిపోయినవాడు ఆయన పటాల్లో ఒక్కడు లేడు. ఆయనకు సిగ్గేసింది.

“చెరపరాదు గని, అతకొచ్చు,” అన్నాడు చివరికి. “పటం కింద ఇంకో మూర గుడ్డ కుట్టొచ్చు. కండ్లు తెరిచిన బొమ్మ పటంల ఉన్నదంటే, కథ చెప్పకుంట చుట్టరాదు. మల్సూర్ తాత కాలం నుంచి ఉన్న కట్టు గది. నువ్వు రెండొద్దులు గీన్నే ఉండి, ఎవరెట్ల వంగుతరో నాకు చూపియ్యి.”

ఆ రెండు రోజులూ యాదమ్మ సుగుణమ్మతో కలిసి చింతగింజలు నూరింది, తుమ్మబంక వడగట్టింది, ఎర్ర రంగుకు వాడే ఇంగిలీకం మెత్తగా అయ్యేదాకా రాయి మీద అరగదీసింది. మధ్యాహ్నం సుగుణమ్మ గిన్నె ముందు పెడితే కడుపునిండా తింది. పనిచేసి తిన్న కూడు అది. దాని రుచే వేరు. మధ్య మధ్య లేచి, మంగ నడుము ఎలా పడేస్తుందో, వీరమ్మ మోకాలి మీద ఎడమ చెయ్యి ఎలా ఆనించుకుంటుందో వంగి చూపించేది.

సత్తయ్య ఏడుగురినీ ఒకే ఎత్తున వేశాడు. ఎవరికీ వీరుల పసుపు రంగు ముట్టించలేదు. పాదాలు బురదలో దింపాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉడుత వెంట్రుకల కుంచె గాలిలో ఆగింది. జనం వైపు చూసే కళ్లు వేయడమే ఆయనకు తెలుసు; నారు వైపు చూసే కళ్లు ఎన్నడూ వేయలేదు. సుగుణమ్మ దీపం పెట్టింది. యాదమ్మ ముత్తయ్య ఇచ్చిన కొబ్బరికాయ కొట్టింది. ముసలాయన ఊపిరి బిగబట్టి, కిందికి వాలిన పద్నాలుగు నల్లగుడ్లూ దిద్దాడు.

మూడో రోజు మల్సూర్ వచ్చాడు. ఆరుతున్న గుడ్డను అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు.

“గిదేంది? అమ్మవారేది గిండ్ల?”

“ఉన్నది గండ్లనే,” అన్నాడు సత్తయ్య.

“కర్ర ఎవరి మీద వెట్టాలె నేను? వీరుడు లేని బొమ్మకు ఏం కథ చెప్త? జనం లేచిపోతరు.” అప్పుడు యాదమ్మ కంటపడింది. మల్సూర్ నొచ్చుకున్నాడు. “నీకు మంచే చేసిన గద బిడ్డా. ఊరూర మొక్కుతున్నరు.”

“మొక్కుతున్నరు. పిలుస్తలేరు.”

“తుపాకి తడిసిందని చెప్తే ఎవరు కూసుంటరు? మనిషి భయపడ్డదంటే ఎవరు చెయ్యెత్తి మొక్కుతరు?” అన్నాడు మల్సూర్. అబద్ధాలకోరు కాడు, ముప్పై ఏళ్లుగా జనం ముఖాలు చూసి బతుకుతున్నవాడు, వాళ్లు ఏది అడుగుతారో ఎరిగి చెప్పాడు. కాని ఏడు జతల కళ్లు తెరుచుకుని ఉన్నాయి. చిరిగిన అంచుకు సుగుణమ్మ కొత్త గుడ్డ కుడుతుంటే, గొణుక్కుంటూ పటం రెండో కొస పట్టుకుని కూర్చున్నాడు.

చిలుకూరులో మల్సూర్ పటం కట్టేసరికి ఇంకా రెండు జాముల పొద్దుంది. అమావాస్య అని ఆ పూట నాట్లు ఆగాయి, ఊరంతా వచ్చింది. యాదమ్మకు మళ్లీ పీట వేశారు. ఆమె పీటను పటం వైపు తిప్పుకుని కూర్చుంది.

తన బొమ్మను అప్పుడు చూసింది. పసుపు చీర, మల్లెపువ్వు, నేలకు అంటని కాలు. అందంగానే ఉంది. ఎవరో పరాయి ఊరి దొరసానిని చూసినట్టు చూసింది. ఆ కాలి కింద ఆరు చిన్న వీపులు. జనంలో మంగ కోసం వెతికింది. మంగ ముఖం పక్కకు తిప్పుకుని ఉంది.

మల్సూర్ గొంతెత్తి ఆ కథ ముగించి, కింది మూర విప్పాడు. కర్ర ఎత్తాడుగాని ఎక్కడ ఆనించాలో తెలియలేదు. ఏడుగురి మీదా అటూ ఇటూ తిప్పాడు. జనం ఎదురుచూస్తున్నారు.

“వినండి! గప్పుడు ఏడుగురు దేవకన్యలు మబ్బుల నుంచి దిగి...”

“దేవకన్యలా నీ బొందనా!” ముసలి వీరమ్మ లేచింది. “కాళ్ల నిండ బురదున్నది, కనవడ్తలేదా?” కర్ర ఊతతో పటం దాకా వచ్చి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. మోకాలి మీద ఎడమ చెయ్యి ఆనించిన బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగింది. “గిది నేను. ఓ మంగా, గిది నేనే! గీ నడుం పడేసింది నువ్వు.”

మంగ కదలలేదు. కూర్చున్నచోటి నుంచే అంది: “ఇన్నొద్దులు ఉరికినోళ్లమే గద మనం. ఇయ్యాల మళ్లా నాటనీకొచ్చినమా?”

పటం వైపున్న తలలన్నీ యాదమ్మ వైపు తిరిగాయి.

“నేను చూడలే అక్కా,” అంది యాదమ్మ. “నన్ను మీ దిక్కు తిప్పి కూసోవెట్టిండ్రు. మిమ్మల్ని గట్ల ఏసిండ్రని నాకు ఎరుక లేదు.”

“నా బిడ్డ అడిగింది, అమ్మా నువ్వెందుకు ఉరికినవని. ఊరూర మా వీపులు చూపిస్తుంటె నువ్వు పీట మీద కూసున్నవ్. నీకు చేతులు జోడియ్యక ఇంకేం చెయ్యమంటవ్?”

అప్పుడు అర్థమైంది యాదమ్మకు. వాకిలి ముందు రోజూ జోడించిన ఆ చేతుల్లో భక్తి ఏ కోశానా లేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఇంత నొప్పి పుట్టేది కాదు. ఆమె తల వంచుకుంది. ఇన్నాళ్లూ తన ఆకలే చూసుకున్నందుకు సిగ్గుపడింది.

దారి దొరక్క మల్సూర్ గొంతు సవరించుకున్నాడు. “మరి గీ ఏడుగుర్ల యాదమ్మ ఎవరు?”

మంగ కళ్లు ఒత్తుకుని పటాన్ని మొదటిసారి నిదానంగా చూసింది. “గంత కానవస్తలేదా నీకు? అందరు అవతలి గట్టు చేరినంక ఈ గట్టు కాడ ఒక్కతే మిగిలింది చూడు, గదే. ముందటికొచ్చింది గాదు, ఎనకవడ్డది! ఎన్నడన్న మాతోని సమానం నాటిందా గది?”

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆడవాళ్లు. ముత్తయ్య నవ్వబోయి, పాపమేమోనని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, అయినా ఆగలేకపోయాడు. తక్కిన నలుగురూ పటం మీద పడి, నేనిది నువ్వది అని పోట్లాడుకుంటుంటే మల్సూర్ కర్ర పక్కన పెట్టి, వాళ్లు చెప్పేది వింటూ నిలబడ్డాడు. యాదమ్మ పీట మీది నుంచి లేచింది. అది ఖాళీ కాగానే ఎవరి పిల్లాడో ఎక్కి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే వీధిలో కేక వినిపించింది.

“ఓ యాదీ! పొద్దు నెత్తికెక్కేదాక పంటవా?”

ముత్తయ్య రెండో మడిలో ఏడు మునుములు పెట్టారు. నీళ్లు చల్లగా ఉన్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి ఆరుగురూ అవతలి గట్టు చేరి నడుములు ఎత్తారు. యాదమ్మ ఎప్పటిలాగే సగం మడిలో మిగిలింది. అటు నుంచి మంగ తిట్లు మొదలయ్యాయి. చేతులకు మేకులు కొట్టిండ్రా అంది, నారు నాటుతున్నవా ముగ్గు పెడ్తున్నవా అంది. యాదమ్మ తల వంచుకునే, కళ్ల నీళ్లు ఆ బురద నీళ్లలోనే పడుతుండగా, ఒక్కో పరకా గుచ్చుకుంటూ వెనక్కి జరుగుతోంది.

కాసేపటికి వెనకనుంచి నీళ్ల చప్పుడైంది. మంగ అవతలి గట్టు వెంట నడిచి వచ్చి, తిట్టుకుంటూనే ఆమె మునుంలోకి దిగింది. యాదమ్మ చేతిలోని నారుకట్టలో సగం లాక్కుని పక్కన వంగింది.